సిసిలీలో పాంటాలికా: సమాధులకు అయిదు స్టార్లు, ఊరికి రెండు

ముందే చెప్పేస్తాను. ఇటలీ దేశపు దీవి సిసిలీ వెళ్లిన మనవాళ్లు ఎట్నా కొండ ఎక్కి, సిరకూజాలో గ్రీకు థియేటర్ చూసి, సముద్రం ఒడ్డున ఫోటోలు దిగి వచ్చేస్తారు. చేతిలో ఇంకో రోజు ఉండి, మోకాళ్లు సహకరిస్తే పాంటాలికాకు వెళ్లండి. మీకు ఎవరైనా అది 'ప్రాచీన నగరం' అని చెప్పి ఉంటే మాత్రం ఆ ఆశతో పోవద్దు. నగరమంటూ అక్కడ ఏమీ మిగల్లేదు. ఉన్నవన్నీ సమాధులే. కొండ బండను తొలిచి చేసినవి, యునెస్కో లెక్క ప్రకారం 5,000కు పైగా.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు. మాది కొలిమిగుండ్ల వైపు. నాపరాయి గని, పాలిషింగ్ ఫ్యాక్టరీ, లారీల లోడింగ్, ఇదే నా బతుకు. అమ్మాయి సిసిలీలోనే కతానియా అనే ఊళ్లో ఎమ్మెస్ చదువుతోంది, దాన్ని చూడ్డానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. అందుకని ఈ రివ్యూలో రాయి సంగతి ఎక్కువ, సెల్ఫీ పాయింట్ల సంగతి తక్కువ ఉంటుంది.

స్థలం ఎక్కడంటే, సిసిలీ దీవి ఆగ్నేయ మూల, సిరకూజా జిల్లాలో, ఫెర్లా, సొర్తీనో అనే రెండు చిన్న ఊళ్ల మధ్య. దక్షిణాన అనాపో, ఉత్తరాన కల్చినారా అనే రెండు ఏర్లు సున్నపురాయిని కోసుకుంటూ పోయి లోతైన లోయలు చేశాయి. వాటి మధ్య మిగిలిన మిట్ట మీద జనం ఉండేవారు, ఆ మిట్ట అంచుల్లోని నిలువు బండల్లో తమవాళ్లను పెట్టేవారు. క్రీ.పూ. 13వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా ఈ పని జరిగింది. అంతకు ముందు తరాలవాళ్ల ఊళ్లు సముద్రం ఒడ్డునే ఉండేవి. తాప్సోస్ అనే రేవు నుంచి మైసీనే గ్రీకులతో (కంచు యుగం నాటి గ్రీకులు), సైప్రస్‌తో వ్యాపారం నడిచింది. క్రీ.పూ. 1250 ప్రాంతంలో ఆ తీరం ఊళ్లు ఖాళీ అయ్యాయి. బయటి నుంచి వచ్చిపడేవాళ్లకు భయపడి జనం కొండల్లోకి జరిగారని పండితులు అంటారు. అక్కడ నిలబడి చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. మూడు వైపులా లోయ, పడమటి వైపు ఒక్కటే సన్నటి దారి. ఎవడు వచ్చినా ముందే కనపడతాడు.

వెళ్లే దారి గురించి బాగా తెలుసుకుని బయల్దేరండి. ఫెర్లా నుంచి ఒక రోడ్డు వస్తుంది, సొర్తీనో నుంచి ఇంకో రోడ్డు వస్తుంది. మ్యాప్‌లో చూస్తే రెండూ ఒకదానికొకటి ఎదురొచ్చినట్టే ఉంటాయి కానీ కలవవు. మధ్యలో కల్చినారా లోయ అడ్డం. ఇటు కారు పెట్టి అటు పోవాలంటే లోయలోకి దిగి, ఏరు దాటి, మళ్లీ ఎక్కాలి. కారులో అయితే బాగా చుట్టు తిరిగి రావాలి. మాకు మొదట దొరికిన టూర్ వ్యాన్ అతను (పేరు ఎందుకులెండి) 'ఫుల్ డే పాంటాలికా' అని డబ్బు తీసుకుని, సొర్తీనో వైపు రోడ్డు చివర దింపి, దూరం నుంచి కొండను చూపించి, ఇక ఎక్కండి అన్నాడు. అమ్మాయి ఇటాలియన్‌లో గట్టిగానే అడిగింది. "సినిమా పోస్టర్ చూపించి టికెట్ డబ్బులు తీసుకుంటారా?" అని నేను తెలుగులో అన్నాను, అది అతనికి అర్థం కాలేదనుకోండి. ఆ తర్వాత కారు అద్దెకు తీసుకుని ఫెర్లా వైపు నుంచి మేమే పోయాం. బస్సుల మీద ఆధారపడితే ఇక్కడ పని జరగదు.

అయితే ఆ సొర్తీనో వైపు నుంచి కనపడే దృశ్యం తక్కువదేమీ కాదు. ఉత్తరపు శ్మశానం, అంటే పాతవాటిలో ఒకటి, అన్నిట్లోకీ పెద్దది, ఎదురుగా బండ నిండా పరుచుకుని ఉంటుంది. వరసలు వరసలుగా నల్లటి చదరపు కంతలు. మా ఆవిడ చూసి, "పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దే గూళ్లలా లేవూ?" అంది. నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

దగ్గరగా చూడాలంటే మాత్రం ఫెర్లా వైపు, ఫిలిపోర్తో దగ్గర ఆగాలి. అక్కడ సుమారు 500 సమాధులున్నాయి. మేం వెళ్లినప్పుడు టికెట్ ఎవరూ అడగలేదు, గేటు లేదు, గార్డు లేడు. రోడ్డు పక్క కారు పెట్టి కాలిబాట పట్టుకుంటే కాసేపటికే సమాధుల మధ్య ఉంటారు. బాట ఒక పక్కన బండ, రెండో పక్కన ఏమీ లేదు. చాలా చోట్ల రెయిలింగ్ కూడా ఉండదు. చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకు టెన్షన్ తప్పదు. మా ఆవిడ దారి పొడుగునా "ఏమండీ, ఆ అంచుకు పోవద్దు" అంటూనే ఉంది.

ఒక సమాధిలోకి దూరి చూశాను. వాకిలి దాదాపు చదరం, నడుం ఎత్తు కూడా ఉండదు, చేతులూ మోకాళ్ల మీద పాకాల్సిందే. వాకిలి చుట్టూ బెత్తెడు వెడల్పున బండను లోపలికి చెక్కి గాడి తీశారు. మన దర్వాజాకు తలుపు ఆనడానికి ఎలా గాడి తీస్తామో అదే పని. ఆ గాడిలో రాతి పలక ఆనించి మూసేవారు. పలక లేని చోట్ల చిన్న రాళ్లు పేర్చి మూసేవారు. లోపల గది గుండ్రంగా ఉంది, కప్పు గుమ్మటంలా వంగి ఉంది, కూర్చోవచ్చు, నిలబడలేం. ఫోన్ లైటు పక్కవాటంగా పట్టుకుని చూస్తే గోడ మీద పనిముట్టు దెబ్బలు కనిపించాయి. పొట్టి పొట్టి గీతలు, అన్నీ పై నుంచి కిందికి ఏటవాలుగా, ఒకే వైపుకు. కుడిచేతి వాటం మనిషి మోకాళ్ల మీద కూర్చుని కొట్టిన దెబ్బలవి, నాకైతే అనుమానం లేదు. కప్పు దగ్గరికి వచ్చేసరికి గీతలు చిన్నవై, దగ్గర దగ్గరగా పడ్డాయి. తల పైన కొట్టేటప్పుడు చేతికి ఊపు దొరకదు, ఎంత పనివాడికైనా అంతే. గది వెనక వైపు నేల కంటే కొంచెం ఎత్తుగా ఒక మెట్టు వదిలేశారు. కొట్టేయడం చేతగాక వదిలింది కాదు, అంచు సాపుగా తీర్చి ఉంది.

మామూలుగా ఉండే అలవాటు కొద్దీ లెక్క వేశాను. గది అడ్డం రెండు మీటర్లు, ఎత్తు మీటరు అనుకుందాం. కప్పు వంపు తీసేస్తే రెండు ఘనపు మీటర్ల పైచిలుకు. అంటే ఒక్కో గదికి అయిదు టన్నుల రాయి, పొడి చేసి, ఆ నడుమెత్తు కంత గుండా బయటికి తోడెయ్యాలి. అది కూడా ఇనుప ఉలి లేకుండా. తొలి కాలం సమాధుల్లో దొరికిన లోహం ఎక్కువగా కంచే. కంచుతోనో, గట్టి రాతి గొడ్డలితోనో కొట్టి ఉంటారు. బయట ఎండకీ వానకీ గట్టిపడిన పెంకు దాటితే లోపల సున్నపురాయి కాస్త మెత్తగా ఉంటుంది, అది వాళ్లకు కలిసొచ్చింది.

బండ మధ్యలో, ఇప్పుడు మనిషి చేరలేని ఎత్తులో ఉన్న గదులను చూసి, తాళ్లతో వేలాడుతూ చెక్కారని పక్కనున్న ఒక యాత్రికుడు తన పిల్లలకు చెబుతున్నాడు. నాకు నచ్చలేదు. వేలాడేవాడి దెబ్బకు బలం ఉండదు, దెబ్బ వేసిన ప్రతిసారీ మనిషి వెనక్కి ఊగుతాడు. కాళ్లు నిలదొక్కుకునే అరుగు ఏదో ఉండి ఉండాలి. సున్నపురాయి అంచులు మూడు వేల ఏళ్లలో ఎంత విరిగి పడిపోయాయో, కింద లోయలో పడి ఉన్న గుండ్లు చూస్తే తెలుస్తుంది. ఇది నా వృత్తి మాట, పండితులు ఒప్పుకుంటారో లేదో వాళ్లిష్టం.

అదే రోజుల్లో, కాస్త అటూ ఇటూగా, మన తెలుగు నేల మీదా ఇనుప యుగం జనం రాతి సమాధులు కట్టుకున్నారు. రాకాసి గుళ్లనీ, పాండవ గుళ్లనీ మనం పిలిచేవి. మనవాళ్లు నాలుగు పలకలు నిలబెట్టి, పైన మూతబండ వేసి, కొన్ని చోట్ల ఒక పలకకు గుండ్రటి కంత పెట్టారు. వీళ్లేమో కొండనే తొలిచారు. మతం వేరు, జాతి వేరు, అవన్నీ ఉన్నాయి. కానీ నాకు తోచిన కారణం రాయే. మన పలకరాయి, గ్రానైటు పొర పట్టి గునపం వేస్తే లేస్తాయి, లేచిన పలకను నిలబెట్టాలనే ఎవరికైనా తోస్తుంది. పాంటాలికా రాయి దళసరి ముద్ద, పొర దొరకదు, పలకగా లేవదు, కానీ తొలిస్తే తొలవబడుతుంది. కేరళలో త్రిస్సూర్ చుట్టుపక్కల కూడా లాటరైట్ నేలను తొలిచి సమాధి గదులు చేశారు. అక్కడి రాయీ మెత్తనిదే. పనివాడు రాయి చెప్పినట్టు వింటాడు.

ఇక ఊరి సంగతి. ఇంతమంది చచ్చారంటే అంతమంది బతికి ఉండాలి కదా, ఆ ఇళ్లేవి? మిట్ట పైన నడిస్తే గడ్డి, కరోబ్ చెట్లు, మన గట్ల మీద పెరిగే నాగజెముడు, అంతే. ఇళ్లు కర్రతో, మట్టితో, చిన్న రాళ్లతో కట్టుకుని ఉంటారు, పోయాయి. చచ్చినవాళ్లకు కొండ, బతికినవాళ్లకు గుడిసె. మిగిలిన కట్టడం ఒకే ఒక్కటి, అనాక్తొరోన్. 'రాజుగారి భవనం' అని చెప్పుకుంటారు. పొడవు సుమారు 37 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. ఇప్పుడు ఉన్నది పునాదుల వరసే. పేరు విని భవనం అనుకుని పోయిన మా ఆవిడ అటూ ఇటూ చూసి, "ఇదేనా?" అంది. ఇదే.

కానీ ఆ పునాది రాళ్లు చూడండి. పెద్ద పెద్ద దిమ్మెలు, మొహాలు సాపు చేసి, సున్నం లేకుండా ఒకదానికొకటి ఆనించి పేర్చారు. మూలరాయి దగ్గర కీలు ఎలా కలిపారో కాసేపు వంగి చూశాను. అంత పెద్ద దిమ్మెల పని సిసిలీలో అప్పట్లో ఎవరూ చెయ్యలేదనీ, మైసీనే గ్రీకుల ప్రభావం అనీ ఒక వాదన. చాలా తర్వాత వచ్చిన బైజాంటైన్ వాళ్లు (తూర్పు రోమన్ సామ్రాజ్యంవాళ్లు) మార్చి కట్టారు కాబట్టి ఎంతవరకు పాతదో తేల్చలేమని ఇంకో వాదన. ఒక గదిలో కంచు పోతపోసిన ఆనవాళ్లు దొరికాయి, అంటే రాజు తన కంచరిని ఇంట్లోనే పెట్టుకున్నాడన్నమాట. ఊరికి నేను రెండు స్టార్లు ఇచ్చింది ఈ దిమ్మెల కోసమే, లేకపోతే ఒకటే. బోర్డులు తక్కువ, ఉన్నవి ఎండకు వెలిసిపోయాయి. ఎవరూ చెప్పకపోతే ఈ రాళ్ల వరసను పాడుబడ్డ పశువుల దొడ్డి అనుకుని దాటి వెళ్లిపోతారు.

ఈ ఊరు ఎలా పోయిందో చెప్పే కథ ఒకటి ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో గ్రీకులు తీరంలో దిగినప్పుడు హిబ్లోన్ అనే స్థానిక రాజు వాళ్లకు జాగా ఇచ్చాడని గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ రాశాడు. ఆ జాగాలో మెగారా హిబ్లయా అనే ఊరు వెలిసింది. ఆ రాజుది పాంటాలికాయే అయి ఉంటుందని చాలామంది ఊహ. క్రీ.పూ. 664లో సిరకూజా గ్రీకులు ఇక్కడికి దగ్గర్లోనే అక్రాయి అనే ఊరు కట్టారు. అక్కడి నుంచి పాంటాలికాలో సమాధులు తొలవడం ఆగిపోయింది. జాగా ఇచ్చినవాడి గతి ఏమైందో భూసేకరణ చూసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

వెయ్యేళ్లకు పైగా గడిచాక బైజాంటైన్ కాలంలో దాడులకు భయపడి జనం మళ్లీ ఇక్కడికే వచ్చి దాక్కున్నారు. సమాధుల్ని వెడల్పు చేసి ఇళ్లు చేసుకున్నారు. దీపం పెట్టుకోవడానికి గూళ్లు, దూలం దూర్చడానికి చదరపు కంతలు, ఇవన్నీ వాళ్ల పనే. ఫిలిపోర్తో దగ్గర సాన్ మిచిదియారియో అనే చిన్న బండ గుడి ఉంది. పాత పని, కొత్త పని పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తేడా కనుక్కోవడం సరదాగా ఉంటుంది: గుండ్రటి గది పాతది, మూలలు తీర్చిన గది తర్వాతిది. ఇది నూటికి నూరుపాళ్లు కాదు గానీ చాలా చోట్ల పనికొస్తుంది.

ఫిలిపోర్తో నుంచి అనాపో లోయలోకి దిగే బాట ఉంది. దిగడం తేలికే, ఎక్కడమే ప్రాణం మీదికొస్తుంది. కింద పాత రైలు దారి నడక బాటగా మారింది. సిరకూజా నుంచి కొండల్లోకి వెళ్లిన చిన్న గేజి లైను, 1956లో మూసేశారు. పట్టాలు లేవు, సొరంగాలున్నాయి. కొన్ని చీకటి గుయ్యారాలు, టార్చ్ తప్పనిసరి. పాంటాలికా పేరుతో స్టేషన్ కూడా ఉండేది, ఆ భవనం ఇంకా ఉంది. దక్షిణపు శ్మశానం ఈ దారి నుంచే బాగా కనపడుతుంది. మేం జూన్ మొదట్లో వెళ్లాం, ఏటి వెంట గన్నేరు విరగబూసింది. కొండ ఎక్కలేనివాళ్లు పైకి రాకుండా నేరుగా సొర్తీనో వైపు నుంచో కస్సారో వైపు నుంచో ఈ లోయ దారిలోకి వచ్చెయ్యొచ్చు, చదునుగా ఉంటుంది.

ఎండ గురించి. కర్నూలు ఎండలు తిన్నవాళ్లం, మాకేంటిలే అనుకుంటారు మనవాళ్లు. తెల్ల సున్నపురాయి మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. పైన షాపు లేదు, కుళాయి లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి. చెప్పులతో వద్దు, పట్టు ఉన్న బూట్లు కావాలి. వేసవిలో కార్చిచ్చు భయంతో దారులు మూసే రోజులుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి.

తిండి దగ్గర మాకు దెబ్బ తగిలింది. కొండ దిగి ఫెర్లా చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. తెరిచున్నట్టే కనిపించిన ఒక హోటల్లో కుర్చీలో కూర్చున్నాక, వంటిల్లు కట్టేశాం, రాత్రికి రండి అన్నారు. నీళ్ల బాటిల్‌కి మాత్రం డబ్బులు తీసుకున్నారు. మా ఆవిడ ముందుచూపుతో చపాతీలు, వేరుశనగ పొడి తెచ్చింది కాబట్టి బతికాం, చర్చి మెట్ల మీద కూర్చుని తిన్నాం. రాత్రి సొర్తీనోలో పిజ్జోలో అని అక్కడి ప్రత్యేకమైన రొట్టె తిన్నాం. గుండ్రటి రొట్టెను అడ్డంగా రెండుగా కోసి, మధ్యలో చీజూ కూరలూ పెట్టి, పైన ఆలివ్ నూనె, ఒరెగానో వేస్తారు. మాంసం లేకుండా అడిగితే చేసిచ్చారు, బాగుంది. సొర్తీనో తేనెకు పేరున్న ఊరు. థైమ్ పూల తేనె కొనండి, ఘాటు వాసన, మన పుట్టతేనె తిన్నవాళ్లకు నచ్చుతుంది.

చివరగా మ్యూజియం. దీన్ని వదిలేస్తే పాంటాలికా సగమే చూసినట్టు, ఎందుకంటే అక్కడి గదులన్నీ ఖాళీ. చాలావాటిని దొంగలు ఎప్పుడో దోచేశారు. మిగిలినవాటిని 1890ల్లో పావొలో ఒర్సి అనే పురావస్తు అధికారి తవ్వించాడు. దొరికిన సామాను సిరకూజాలో ఆయన పేరు పెట్టిన మ్యూజియంలో ఉంది. ఎర్రగా మెరుగు పెట్టిన కుండలు, పొడవాటి కాడ మీద నిలబెట్టిన పెద్ద పెద్ద పళ్లేలు, బట్టకు పెట్టుకునే కంచు పిన్నులు, కత్తులు, అద్దాలు. కుండలు చక్రం మీద చేసినవి, అంచు ఎంత సమంగా ఉందో చూడండి. ఒక్కో గదిలో ఒక కుటుంబంవాళ్లను కొద్దిమందిని, కాళ్లు ముడిచి పక్కకు పడుకోబెట్టి ఉంచేవారట. అది ముందే చదివి ఉన్నాను కాబట్టి, గదిలోకి పాకినప్పుడు దాని కొలత ఎందుకంత చిన్నదో నాకు అర్థమైంది. చాచి పడుకోబెట్టాలంటే ఇంకో రెండు టన్నులు తవ్వాలి.

అమ్మాయి సలహా మీద మేం మ్యూజియం ముందు చూసి, తర్వాతే ఫిలిపోర్తోకు వెళ్లాం. మీరూ ఆ వరసలోనే వెళ్లండి, ఖాళీ గదిలోకి పాకినప్పుడు ఏ మూల ఏముండేదో తెలుస్తుంది. మ్యూజియానికి సోమవారం సెలవు.